గీత లేని చెంబు

హలో… ఆ, నేనే. గౌరత్తనే.

…ఎన్నిసార్లు సేసేనో సూసుకున్నావు కదా. అవార్డులొచ్చినోళ్లకి మేనత్తలు గుర్తుంటారేటి.

…మీటింగా. ఎప్పుడూ మీటింగే నీకు. సరే, ముందు ఒక మాట సెప్పు హర్షా. ఒక్కడివే ఉన్నావా?

…కాదు, మీ డైరెక్టరు పక్కన లేడు కదా అని.

…మరి ఈ ఫోన్లో రికార్డింగు అదీ పెట్టలేదు కదా నువ్వు?

…నవ్వకు. నవ్వులాటకి అడగట్లేదు. మేనల్లుడివని మాటాడతాను, రేపొద్దున్న ఇంకో సినిమాలో నా మాటలు నాకే వినిపిత్తావు. ఒట్టు పెట్టు.

…నీ మీద కాదు, నీ ఒట్టు నాకు తెలుసు. టెక్కలిలో ఉన్నాడే మా అన్నయ్య, మీ నాన్న, ఆయన మీద పెట్టు.

…ఆ. పెట్టేవు కదా. ఇను మరి. నేను వీధి గుమ్మంలో కూకుని మాటాడుతున్నాను. మీ మావ ఆస్పత్రి నుంచి రావాల. ఇంకా రాలేదు. ఆయన వచ్చేలోపల నీతో ఒక సంగతి తేల్సుకోవాల.

…కంగారేం లేదు. అంటే… ఉంది. సెప్తాను ఉండు.

…సినిమానా? సూసేం. ఆదివారం నాడు పలాసలో. మన ఉద్దానం వోళ్లకని మీ వాళ్లే ఉత్తినే ఏసేరు కదా. నేనూ, మీ మావా, పక్కింటి సిన్నతల్లీ, సగం ఊరూ ఎళ్లేం.

…బాగుంది.

…బాగుందంటే బాగుందనే. అందులో ఇంకేటి ఉంటాది? ఏడ్సేను కూడాను. హాల్లో నా పక్కనున్నావిడ నాకంటే ముందేడ్సింది.

…పేరు కూడా బాగానే పెట్టేరు. అరగ్లాసు. ఆ గ్లాసు మాదేనా?

…అలాటిది కొన్నారా. గీత మట్టుకు నేను గీసినట్టే గీసేరు. గోళ్ల రంగుతో, వంకరగా. మీ మావకి ఇక్కడివరకే నీళ్లు, ఇది దాటితే కాళ్లు ఉబ్బుతాయి అని. తెర మీద అంత పెద్దగా ఆ గీత సూసేసరికి నాకు సిగ్గేసింది. ఎవరో మా వంటింటి తలుపు తీసేసినట్టు.

…ఒగ్గీ, మెచ్చుకుంటున్నాను, ఇనుకో. మళ్లీ మెచ్చుకోను. బొమ్మ రాకముందు సీకట్లో ఆ మెసీను సప్పుడొక్కటీ ఇనిపించేరు సూడు. కిడ్నీలు పోయినోళ్ల నెత్తుర్ని కడిగే మెసీను. హాల్లో దగ్గేవోళ్లు దగ్గు మానేసేరు. పాప్‌కార్ను నమిలేవోళ్లు నమలడం మానేసేరు. ఆ సప్పుడేటో అక్కడెవరికీ ఎవరూ సెప్పక్కర్లేకపోయింది. అది తెలిసినోడు తీసిన పని.

…ఇంకానా? ఆ హీరో సెయ్యి. సూదులేసే సెయ్యిని మంచం అవతలికి జరిపి పడుకుంటాడు కదా, తనది కానట్టు. ఎవరి సామానో మనింట్లో దాసినట్టు. మీ మావ అచ్చం అలాగే పడుకుంటాడు. అది నువ్వు సూసుంటావు. సినిమా తీసేటప్పుడు మా ఇంట్లో నెల్లాళ్లున్నావు. సరే.

కాని ఆవిడ తలుపెనకాల నీళ్లు తాగుతాది. అది ఎక్కడిది?

…అదేరా, హీరోయిను. మొగుడికి దాహం కదా, ఆయన ఎదర తాగలేక, తలుపు జేరేసి, కుళాయి కింద దోసిలి పట్టి తాగుతాది. అది ఎవరు సెప్పేరు నీకు?

…సూసేవా? ఎప్పుడు? ఉన్నన్నాళ్లూ పొద్దెక్కేవరకూ ముసుగు తన్ని పడుకునేవోడివి.

…ఊహించేవా. దోసిలితో సహా ఊహించేవు. మంచి ఊహే.

…నమ్మలేదు. నమ్మలేదనే సెప్తున్నాను. అది నా కడుపులో మాట. కన్నతల్లికి సెప్పలేదు, మొగుడికి సెప్పలేదు. ఆదివారం నుంచి నేను ఆ కుళాయి కాడికెళ్తే ఎనకాల ఎవరో నించున్నట్టే ఉన్నాది. తిరిగి సూత్తాను. ఎవరూ ఉండరు. నీళ్లు గొంతు దిగవు.

…సారీ ఏటి? ఎందుకు సారీ? ఏ తప్పూ సెయ్యనప్పుడు సారీ ఎందుకు సెప్తావు?

…సరే. ఒగ్గేసేను.

…బాగులేనిదా? సెప్తే కోపమొత్తాది నీకు.

…ఎండేదిరా అందులో?

…ఎండ! సూర్యుడు! మన ఉద్దానంలో ఎండ లేకుండా సినిమా తీసేరు మీరు. గుర్తుందా, ఎండొస్తే కెమెరాకి గుడ్డ కప్పేసి అందరూ నీడన కూకునేవోరు. మబ్బు పడితే పొలోమని పరిగెట్టేవోరు. మా పక్కింటి సిన్నతల్లి అనేది కాదేటి, వీళ్లకి ఏడుపైనా నీడపట్టునే రావాలేటమ్మా అని.

…ఆ, దాని సీరే కట్టేరు కదా ఆ హీరోయిను పిల్లకి. కొత్త సీరిచ్చి పాతది పట్టికెళ్లేరు. హాల్లోంచి వచ్చిన కాడ్నుంచి నా సీరకి అవార్డొచ్చిందని ఊరంతా సెప్పుకుంటున్నాది. నీకు తెలిసిన సిన్నతల్లే. సీర తీసుకెళ్లేరు, సీరలో మనిసిని ఇక్కడే ఒగ్గేసేరు.

…గాజులు! అది అడగాల. ఆ పిల్ల సేతికి గాజుల్లేవేటి? మొగుడు బతికుండగానే తీసేసేరా?

…మైకులో పడతాయనా?

…అదే మరి నేను సెప్పేది. మీకు మెసీను సప్పుడు కావాల, గాజుల సప్పుడు వద్దు. మా ఇంట్లో రెండూ ఉంటాయి కదరా.

…లేదు, పోట్లాడట్లేదు. అడుగుతున్నాను. ఆస్పత్రిలో రాజులమ్మని సూసేవు కదా. సేతిలో సూదులుండగానే నర్సుతో తగువు. పక్కోడి మెసీను బేగి తిరుగుతున్నాది, నాది నెమ్మదిగా తిరుగుతున్నాది, వాడు నీకేటి సుట్టమా అని. ఆరోజు నువ్వు నవ్వలేక బయటికి పారిపోయేవు. ఏదీ రాజులమ్మ?

…ఉందిలే. గోడేపు తిరిగి పడుకున్న ముసిలిది. ఒక్క మాట లేదు. రాజులమ్మని మాటాడకుండా పడుకోబెట్టేరు సూడు, దానికివ్వాల మీకు అవార్డు.

…టోనా? టోనంటే?

…అంటే మేం నవ్వితే మా జబ్బు ఎవరూ నమ్మరు. అంతేనా?

…ఊఁ.

…కాదు హర్షా, అబద్ధం ఉందన్లేదు. ఒక్కటీ లేదు. అదే నాకు బోదపడలేదు. సూసినంతసేపూ నమ్మేను. బయటికొచ్చి సెప్పుల్లో కాలు పెడుతుంటే అనుమానమొచ్చింది. ఇందులో ప్రతి ముక్కా మా ఇంట్లోదే, మరి ఇది మా ఇల్లు కాదేటి అని. మనిసి కళ్లూ ముక్కూ అన్నీ సరిగ్గా గీసి, ఎవడి బొమ్మో గీసినట్టుంది.

…ఒక్క నిమిషం. ఆటో సప్పుడు.

…కాదు. గేస్ బండి.

…ఏటంటున్నాను? ఆ. తప్పు. ఒక్క తప్పు మట్టుకు దొరికింది. అంత సూసి సూసి తీసినోళ్లు, ప్లాస్టరు దగ్గర దొరికిపోయేరు.

…అదే, ఆస్పత్రి నుంచొచ్చేనని ఇంటికొచ్చి, అన్నానికి సెయ్యి కడుక్కుంటాడు సూడు. మోచేతి కాడ ఒకటే ప్లాస్టరు ఉంటాది. ఒకటేటిరా? నెత్తురు తీసేదొక సూది, తిరిగి ఎక్కించేదొక సూది. రెండు సూదులు, రెండు ప్లాస్టర్లు. పసిపిల్లలకి తెలుసు మా ఊళ్లో. ఎనక బెంచీలోంచి ఎవడో అరిసేడు కూడాను, ఇంకోటి దారిలో పడిపోనాదేటి బాబూ అని. హాలంతా నవ్వింది. మీ సినిమాలో మేం నవ్వింది ఆ ఒక్క సోటే.

…ఏటి?

…ఏటి నసుగుతున్నావు?

…తప్పు కాదా? మరేటి?

…తరవాతెందుకు సెప్తావు, ఇప్పుడు సెప్పు.

…సరే. తరవాతే సెప్పు. నేనూ మర్సిపోను. ఇప్పుడు నేను ఫోన్ ఎందుకు సేసేనో ఇను.

ఆ ఆఖరు రాసిందెవరు?

…ఆఖరే. అతను ఆస్పత్రికెళ్తున్నానని ఆటో ఎక్కి, పూండి కాడ దిగిపోయి, జీడితోటలోంచి నడుసుకుంటా సముద్రం కాడికెళ్లి కూకుంటాడు. ఇంక రాడు. ఇక్కడ ఆ పిల్ల గ్లాసు బోర్లిస్తాది. అయిపోతాది. అది నువ్వు రాసేవా, మీ డైరెక్టరు ఉదయశంకర్ రాసేడా?

…ఇద్దరూ కలిసి. ఇద్దరూ కలిసి మా ఇంటాయన్ని సముద్రం కాడికి పంపేరు.

…కల్పనని నాకు సెప్పకు. గోళ్ల రంగు కల్పన కాదు. దోసిలి కల్పన కాదు. మంచం మీద సెయ్యి కల్పన కాదు. ఇదొక్కటీ కల్పనా?

…ఎందుకడుగుతున్నానా? ఇను మరి. ఇవాళ మెసీను రోజు. పొద్దున్నే ఎళ్లేడు. ఈపాటికి వచ్చి, ఇంత తిని, పడుకుని లెగాల. రాలేదు.

…నేనెళ్లలేదు. రావద్దన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అన్లేదు ఆ మాట. బైరాగి ఆటో ఉంది కదా, నువ్వెందుకు అన్నాడు.

…సేసేను. బైరాగి ఎత్తట్లేదు.

…మీ మావ ఫోనా? ఇంట్లోనే ఉన్నాది. ఛార్జింగుకి పెట్టి ఒగ్గేసేడు. సినిమాలో అతనూ ఫోన్ ఇంట్లోనే ఒగ్గేసెళ్తాడు కదా హర్షా?

…

…అదే, ఒగ్గేసెళ్తాడు.

…ఆస్పత్రికీ సేసేను. ఎత్తినామె కనుక్కుని సెప్తానండి అంది. ఎదురుసూత్తున్నాను.

…నేను పిచ్చిదాన్ని కాదు. ఆదివారం నుంచి ఆయన్ని సూత్తున్నాను. గుమ్మంలో నించుంటే ఆ హీరో నించున్నట్టున్నాది. వాడు ఈయన్ని సూసి నేర్సుకున్నాడు, నాకు తెలుసు. ఇప్పుడు ఈయన వాణ్ణి సూసి నేర్సుకుంటున్నాడేటో అని నా బయం. రోజూ ఏదో జోకు ఏసే మనిసి. ఆదివారం నుంచి ఒక్కటి లేదు. సినిమా అయిపోయి లైట్లేసేక, బాగా తీసేడు కుర్రోడు, అన్నాడు. అంతే. ఇంటికొచ్చేవరకూ కిటికీలోంచి తోటలు సూసుకుంటా కూకున్నాడు.

అందుకే అడుగుతున్నాను. ఆ సముద్రం సంగతి ఆయన నీతో అన్నాడా?

…సూటిగా సెప్పు. అన్నాడా, లేదా?

…

…మీ నాన్న మీద ఒట్టు పెట్టేవు.

…

…అన్నాడా. ఎప్పుడు?

…కొబ్బరితోటలో. పంపుసెట్టు గట్టు మీద. మీరిద్దరూ జామకాయలు తింటా కూకున్న రోజా? ఆయన తినకూడదని నేను కేకలేసిన రోజు?

…ఏటన్నాడు? ఆయనన్నట్టే సెప్పు. నీ సినిమా భాస కలపకు.

…దిగిపోదామనిపించిందన్నాడా? అంటే… అనిపించిందన్నాడా, దిగేనన్నాడా?

…దిగేడు.

…నిజంగా దిగేడు.

…ఆగు. ఆగు. ఒక్క నిమిషం ఊరుకో.

…

…ఉన్నాను. ఎప్పుడు దిగేడు?

…గాలివాన ఏడాదా. కరెంటు లేని రోజులు. తోటలు పడిపోయినప్పుడు. అప్పుడొకసారి నాకు జొరమొచ్చి నేనెళ్లలేదు. బైరాగి కూడా అప్పటికి లేడు, ఎవరి ఆటోనో. సాయంత్రానికి వచ్చేడు. మెసీను బాగా తిరిగింది అన్నాడు. అదేనా?

…ఎళ్లలేదా ఆరోజు. అసలు ఆస్పత్రికే ఎళ్లలేదు.

…కాదురా, ప్లాస్టరుంది. నాకు గుర్తు. అన్నం పెడుతుంటే బుడ్డి దీపం ఎలుగులో మోచేతి కాడ తెల్లగా…

…

…ఒకటా?

…మందుల షాపులో కొని తనే అంటించుకున్నాడు. ఒకటే.

…అంటే మీ సినిమాలో అది తప్పు కాదు. మీరు కావాలనే పెట్టేరు. సినిమాలో ఆవిడ సూడకపోయినా, హాల్లో సూసేవోళ్లు సూత్తారని పెట్టేరు. సూసేం, నవ్వేం. తప్పని నవ్వేం.

…నాకు ఒకటి సూడగానే రెండున్నాయనిపించింది హర్షా. ఎప్పుడూ రెండే ఉంటాయి కదా. కళ్లు లెక్కెట్టుకోవు కదా.

…వద్దు, నన్ను ఊరుకోబెట్టకు. ఆఁ. ఒక్కటి మట్టుకు బాగుంది మీ సినిమాలో. నేను సూడనిది మీ సినిమా సూసింది. ఒప్పుకుంటాను.

…తిరిగొచ్చేడంటున్నావా? వచ్చేడు కాబట్టే కదా నేనన్నం పెట్టేను. అది కాదు నాకు కావాల్సింది. ఎందుకొచ్చేడు? అది సెప్పేడా?

…సెప్పేడా. నువ్విప్పుడు నా కోసం అల్లట్లేదు కదా? రాతగాడివి. ఏడ్సేదానికి ఏది కావాలో అది రాయగలవు నువ్వు. నేనెలా నమ్మేది?

…నెత్తళ్లా?

…ఎండు నెత్తళ్లు. ఉప్పుసేపల పొట్లం. తెచ్చేడు. ఆరోజే తెచ్చేడు. తను ఉప్పు తినకూడదు, నా కోసమని. పలాస బజార్లో కొన్నానన్నాడు.

…ఒడ్డు మీద కొన్నాడా?

…ఇసక. అవునురా. పంటికింద ఇసక కరకరమంది. పలాసలో నెత్తళ్లకి ఇంత ఇసకేటి, డబ్బులిచ్చి మట్టి కొనుక్కొచ్చేరని తిట్టేను. తలొంచుకుని అన్నం తిన్నాడు. అదీ సెప్పేడా నీకు?

…సెప్పేడు. అయితే నిజమే. ఇసక నువ్వు అల్లలేవు.

…సెప్పు. మొత్తం సెప్పు. ఒడ్డు మీద కూకున్నాడు. ఆ. దాహమేసింది. వెయ్యదా మరి, ఆ ఎండలో. సూసేవా, ఎండే ఉంది ఆరోజు. …ఆ. ఆ. అరగ్లాసు కాదు, ఇవాళ కడుపునిండా తాగెయ్యాల, ఏటైతే అదవుతాది అనుకున్నాడు. ఊఁ. …వలల కాడ ముసలామెని నీళ్లడిగేడు. పెద్దతల్లి అని పేరు. ఆవిడ దగ్గరే నెత్తళ్లు కూడా. ఊఁ. …నిండు సెంబిచ్చింది. ఇత్తడి సెంబు.

…తాగేడా?

…తిప్పి సూడ్డమేటి? ఎందుకు తిప్పి సూసేడు?

…

…గీత కోసమా?

…ఓరి నాయనా.

…సెంబుని ఇటు తిప్పి అటు తిప్పి గీతెక్కడుందా అని ఎతికేడా! ఎవరో దారినపోయే ముసలమ్మ సెంబుకి గోళ్ల రంగు ఎవరు పూత్తారురా…

…నవ్వొచ్చిందా ఆయనకి? అక్కడ? ఒక్కడూ కూకుని నవ్వేడా?

…ఆవిడేటంది? …ఏటి బాబూ, సెంబు బాగులేదేటి, తోమే ఇచ్చేను, అంది. ఆ. …దీనికి గీత లేదమ్మా, ఇంటికెళ్లి తాగుతాను, అన్నాడు. రెండు గుక్కలు తాగి సెంబిచ్చేసేడు.

…

…లేదు. ఏడవట్లేదు. జలుబు.

మరి ఇది ఏదిరా సినిమాలో?

…తీసేరా? ఆ హీరో సెంబు తిప్పుకుంటా సూడ్డం, నవ్వడం, అదంతా తీసేరా? …బాగా సేసేడా? …సెట్టులో అందరూ నవ్వేరు, కెమెరా పట్టుకున్నాయన కళ్లు తుడుసుకున్నాడు. అంత బాగా వచ్చిందా. మరి?

…కోసేసేరు.

…ఎందుకు? మీ డైరెక్టరేటన్నాడు? ఆయనన్న మాటే సెప్పు.

…'ఈ మనిసి ఇక్కడ నవ్వితే ఇంతసేపు పడ్డ బరువు తేలిపోతాది.'

…ఎవరికి తేలిపోతాది? కుర్సీలో కూకున్నోడికా, మాకా?

…ఆయన్ని తిట్టట్లేదు. ఆ సముద్రం తీసేడు సూడు, సివర్న. నీళ్లు, నీళ్లు, కనుసూపుమేర అన్నీ నీళ్లే, ఎదురుగా ఈ అరగ్లాసు మనిసి. అక్కడ నా పానం లేసిపోయింది. అవార్డిచ్చినోళ్లు అక్కడే ఇచ్చుంటారు. ఇవ్వాల్సిందే. మనిసిని అంతవరకూ నడిపించడం వచ్చు ఆయనకి. ఎనక్కి తేవడానికే మొకమాటపడ్డాడు. ఎనక్కొచ్చినోడు ఏదో తక్కువోడైపోతాడని.

…నువ్వూ ఊరుకున్నావు కదా?

…ఊఁ. కొత్తోడివి. మాట సెల్లదు. సరే.

కాని నువ్వు ఒక్కటి ఆలోసించలేదు హర్షా. ఆయన నా పక్కన కూకుని సూసేడురా అది. తను ఎనక్కి రాని సినిమా సూసేడు. తనే సెప్పేడు నీకు, నేనొచ్చేసేను అని. మీరు తెర మీద రానివ్వలేదు. సీకట్లో ఆయన మొకం ఎలగుందో నేను సూడలేదు. నా ఏడుపులో నేనున్నాను. లోపల ఏటనుకున్నాడో. అయితే ఇదేనేటి సరైన ఆఖరు, నేనే తప్పుగా వచ్చేసేనా, అనుకున్నాడేటో. పేపరోళ్లూ, అవార్డులోళ్లూ అందరూ ఆ ఎనక్కి రానోడికే సప్పట్లు కొట్టేరు కదా…

…బైరాగికి నువ్వు సెయ్యి ఒకసారి. నీ నెంబరు సూసి ఎత్తుతాడేమో. …ఆ, పూండి కాడ మీ యూనిట్ కుర్రోడెవరో ఉండేవోడు కదా, వాణ్ణి సూడమను. …ఆ ఒడ్డే. వలల కాడ. …ఉండు.

…ఉండుండు.

…ఆటో.

…మాటాడకు. మలుపు తిరగనీ. …బైరాగిదే. ఎర్ర టాపు. …ఎనక సీట్లో… కనబడట్లేదు, ఎండ కొడుతున్నాది… దిగుతున్నాడు. ఆయనే. ఆయనేరా. ఫోన్ పెట్టీకు, అలాగే ఉండు.

— ఇంత ఆలీసమేటండి?

— పంచరా? బైరాగీ, ఫోనెత్తడానికేటి రోగం నీకు? …టైరు కింద దూరి ఉన్నావా. సరే ఎళ్లు. ఎళ్లి మొకం కడుక్కో, మసి.

— మీరిలా రండి. సెయ్యి ఇలగియ్యండి. …ఎందుకంటే ఎందుకే. సొక్కా మడత పైకి తియ్యండి. …ఇంకా పైకి. …ఒకటి. …రెండు.

హర్షా, రెండున్నాయి.

…ఏటి హమ్మయ్య? రెండుంటే మట్టుకు? సినిమా సూసేడు కదరా. ఒకటుంటే దొరికిపోతామని నువ్వే నేర్పేవు కదా ఆయనకి. ఉండు.

— కూకోండి అరుగు మీద. సెప్పు ఇప్పి కాలు ఇలగ నా ఒళ్లో పెట్టండి. …సూడనీ. వీధిలో వోళ్లు సూత్తే సూడనీ. పెట్టండి.

…బొటనేలితో నొక్కుతున్నాను హర్షా. పొద్దున్న నొక్కితే పిండిలో దిగినట్టు దిగిపోయింది, గుంట ఎంతసేపటికీ నిండలేదు. మెసీనెక్కితే ఆ నీరు తీసేత్తాది. ప్లాస్టరు ఎవడైనా అంటించుకుంటాడు. ఇది అంటించుకోలేడు.

…లేదు. పడలేదు గుంట.

— ఇంకో కాలు.

…లేదురా. గట్టిగా ఉన్నాది. ఎళ్లేడు. ఆస్పత్రికే ఎళ్లేడు.

— ఏటీ లేదు. …జలుబండి. …హర్షాగాడే ఫోన్లో. …ఆ, సెప్పేసేడు. సెంబు సంగతి సెప్పేడు, ఇసక నెత్తళ్ల సంగతి సెప్పేడు. …నవ్వుతారేటి? నా పానం పోయింది ఇక్కడ. ఇవాళ రావద్దని ఎందుకన్నారు మరి? జోకులు ఎందుకు మానేసేరు?

— …నేనా?

— ఆదివారం నుంచి నేను మిమ్మల్ని అలగ సూత్తున్నానా? ఆ సినిమా పిల్ల సూసినట్టు? …మాటాడకుండా, గోడకానుకుని… అలగా? నాకు తెల్దే.

హర్షా, ఇన్నావా? నేను సూత్తున్నానని ఈయన బయపడ్డాట్ట. ఈయనేదో అనుకుంటున్నాడని నేను బయపడ్డాను. జోకేత్తే అది కూడా పట్టి పట్టి సూత్తానేమో అని ఎయ్యలేదట. మీ సినిమా ఏదో గాని, ఇద్దర్నీ ఒకే ఇంట్లో పోలీసోళ్లని సేసింది.

— దాహమా? ఉండండి, తెత్తాను. …ఏటి? …నాకూనా? ఇక్కడా? మీ ఎదరా? …వద్దు. నాకు దాహం లేదు.

— …ఏటన్నారు?

— తలుపెనకాల తాగితే గేదిదూడ తాగినట్టు వీధి వరకూ వినబడతాదా! …ఎప్పట్నించి తెలుసు మీకు? …మొదట్నించా!

ఓరి హర్షా! ఊహించేనన్నావు కదరా! దోసిలితో సహా ఊహించేనన్నావు! …ఈయనే సెప్పేడా! మావా అల్లుళ్లు ఇద్దరూ దొంగలే, జామకాయలు తింటా నా గుట్టంతా…

…ఆ, నేనే నవ్వుతున్నది. ఇంకెవరు?

…ఆ. …ఆ. సరేగాని ఇను. ఇది మట్టుకు రాసుకోకు. నీకు పనికిరాదు. మబ్బు లేదిక్కడ, మా సెడ్డ ఎండగా ఉన్నాది.

…పెట్టేత్తున్నాను. రెండు గ్లాసులు కడగాల.